ఎవరి పేరు వాళ్లే తుడవాల్సిన బోర్డు

వారానికి రెండు రోజులు ముంబైలోని దాదర్‌లో పిల్లలకు ప్రోగ్రామింగ్ చెప్తుంటాను. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని టీవీ చూస్తే బుర్ర పాడవుతుందని నేనే అడిగి పెట్టుకున్న పని. ప్రతి కొత్త బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడగకుండా ఉండరు. "మేడమ్, యాప్‌కి బ్యాకెండ్ మనమే రాసుకోవాలా? రెడీమేడ్ ప్లాట్‌ఫాం తీసుకుంటే పోదా?" క్లాసులో పుస్తకంలో ఉన్న జవాబే చెప్పి తప్పించుకుంటాను. నా సొంత జవాబు చెప్పడానికి ఇంతవరకు నోరు రాలేదు. నోటికి రానిది చేతికైనా వస్తుందేమోనని ఇలా రాయడానికి కూర్చున్నాను.

ఈ పని తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఫోన్‌లో మీకు కనిపించే యాప్ ఉత్త మొహం. మీరు ఒత్తిన బటన్‌ని ఎక్కడో ఒక కంప్యూటర్ అందుకుని, రాసిపెట్టుకుని, అడిగినప్పుడు తిరిగి చెప్పాలి. ఆ వెనక జరిగే పనంతా బ్యాకెండ్. దాన్ని తయారుగా ఇచ్చే కంపెనీలు ఇప్పుడు బోలెడున్నాయి. లాగిన్, లెక్కలు దాచడం, అన్నీ వాళ్లే చూసుకుంటారు. మనం పైన రంగులు వేసుకుంటే చాలు. ముప్ఫై ఏళ్లు దాటిన నా ఉద్యోగంలో అలాంటి తయారు సరుకంటే నాకు మొదటి నుంచీ చిన్నచూపే.

ఆ చిన్నచూపు ఎక్కడిదో కూడా చెప్పాలి. నేను పుట్టింది కామాటిపురలో. మా ముత్తాత పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చాడు. తాతది, నాన్నది తాపీ పని. ఊరంతా కట్టారు, మేం ఏడుగురం మాత్రం మంచం వేస్తే నడవడానికి చోటు లేని ఒంటిగది అద్దె ఖోలీలో పెరిగాం. చదువుకుని ఉద్యోగాలకు పోతే, దరఖాస్తులో కామాటిపుర అన్న మాట చూడగానే ఎదుటి మగవాళ్ల చూపు మారిపోయేది. ఆ పేరుకు వాళ్లకు తెలిసిన అర్థం ఒక్కటే, ఒళ్లమ్ముకునే ఆడవాళ్ల పేట. దాంతో చిరునామాలో 'ముంబై సెంట్రల్ దగ్గర' అని రాయడం మొదలుపెట్టాను. పెళ్లయి వర్లీకి మారేదాకా ఆ మూడు మాటల వెనకే దాక్కున్నాను. ఇది నాది అని గట్టిగా చెప్పుకోగలిగింది నేను రాసిన కోడ్ ఒక్కటే. అందుకే అందులో పరాయి ముక్క ఏదైనా ఉంటే నాకు పడేది కాదు.

రిటైర్మెంట్‌కి ఇంకా ఏడాదిన్నర ఉందనగా దాదర్‌లోని మా చిన్న కంపెనీకి ఒక ధర్మసంస్థ నుంచి పని వచ్చింది. పాలమూరు నుంచి వచ్చి కామాటిపుర చాళ్లలో, అంటే వరస గదుల పాత ఇళ్లలో ఉంటూ, పొద్దున్నే కూలీల అడ్డా అయిన నాకాలో నిలబడి ఏ సైట్ దొరికితే ఆ సైట్‌కి పోయే కూలీల కోసం ఒక యాప్ కావాలన్నారు. ఎవరు ఏ రోజు ఎక్కడికి పోయారో, తిరిగి వచ్చారో లేదో తెలియాలి. పనిచేసే చోట మనిషికి ఏదైనా అయితే, ఇంట్లోవాళ్లకు ఎక్కడ వెతకాలో కూడా తెలియదు. మా యజమాని నన్ను పిలిచి, "మీవాళ్లే కదా, మీరే చూడండి" అన్నాడు. మొదటిసారి ఆఫీసులో నేను కామాటిపుర మనిషినన్న సంగతి పనికొచ్చింది. పొంగిపోయాను.

చాళ్లకి వెళ్లి చూస్తే, వాళ్ల దగ్గర ఆ ఏర్పాటు అప్పటికే ఉంది. ఒక చాల్‌లో కింద, కుళాయి పక్క గోడకి నల్లరంగు పూసిన చెక్క బోర్డు. పొద్దున పనికి పోయేవాడు చాక్‌పీస్‌తో తన పేరు, పోయే చోటు రాస్తాడు. రాయడం రానివాడికి ఒక గుర్తు ఉంటుంది. ఒకడికి సున్నా, ఒకడికి తాపీ, ఒకడికి చేప. సాయంత్రం తిరిగి రాగానే తన గీతని తనే అరచేత్తో తుడిచి లోపలికి పోతాడు. చీకటి పడే వేళకి బోర్డు మీద ఏదైనా మిగిలిందంటే, ఆ మనిషి రాలేదన్నమాట. అంతే.

ఆ బోర్డుకి కాపలా ఒక అవ్వ. డెబ్భై దాటాయి, ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు, నోరు మాత్రం గల్లీ చివరికి వినిపిస్తుంది. ఆమె పెనిమిటి ఒకనాడు పనికిపోయి తిరిగి రాలేదు.

"ఏ జాగకు వోయిండో ఎర్కలేక నాలుగు దినాలు తిరిగిన బిడ్డా. ఐదో దినం దవాఖానల సూపిచ్చిన్రు. గప్పటి సంది ఈ బోర్డు వెట్టిన" అంది.

నేను అక్కడ కూర్చుని ఉండగానే ఒకడు తన గీత తుడిచి, పక్కనున్న స్నేహితుడి గీత కూడా తుడవబోయాడు. అవ్వ చేతికర్రతో వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చింది.

"వాడు మూలమీద చా తాగుతున్నడు అవ్వా, ఇప్పుడే వస్తడు" అన్నాడు వాడు.

"వస్తే వాడే తుడుస్తడు. వాని చెయ్యి వడిపోయిందా? ఎవని పేరు వాడే తుడవాలె."

నేను నవ్వి, నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది. 'ఎవరి పేరు వాళ్లే తుడవాలి' అని రాసి కింద గీత కూడా గీశాను.

ఆఫీసులో నా కింద పనిచేసే మరాఠీ అమ్మాయి ఉండేది. అమ్మాయి అంటున్నాను గానీ ఇద్దరు పిల్లల తల్లి. ఏ మాటైనా మొహం మీదే అనేస్తుంది. ఆ గుణం వల్లే ఆమె అంటే నాకు ఇష్టం, ఆ గుణం వల్లే రోజూ తగాదా.

"రెడీమేడ్ తీసుకుందాం మేడమ్. లాగిన్ వాళ్లదే ఉంటుంది. ఒక నంబర్‌కి ఒక మనిషి. మూడు వారాల్లో ఇచ్చేయొచ్చు" అంది.

"మేస్త్రీ ఒక్కడి దగ్గరే మంచి ఫోన్ ఉంటుంది. అతని కింద ఐదుగురు. వాళ్ల సంగతేంటి?"

"ఒక నంబర్ మీద ఐదుగుర్ని అది ఒప్పుకోదు. ఎవరికి వాళ్లకి ఏదో ఒక లాగిన్ ఇవ్వాల్సిందే."

"ఒప్పుకోనిదాన్ని నేనెందుకు తెచ్చుకోవాలి? నేనే రాస్తాను."

ఇందులో నా తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. ఒక నంబర్‌కి ఒక మనిషి అన్న లెక్క పెట్టినవాడు మా ఖోలీల్లో ఒక్కరోజు కూడా ఉండి ఉండడు. నాలుగు నెలలు కూర్చుని మొత్తం నా చేతులతో రాశాను. ఒకే నంబర్ కింద ఎంతమంది పేర్లైనా ఉండొచ్చు. ఎవరు ఏ సైట్‌కి పోయారో వేరువేరుగా ఉంటుంది. రాయడం రానివాళ్లకు అవ్వ బోర్డు మీది గుర్తులే పెట్టాను. తిరిగొచ్చినవాడు తన గుర్తు ఒత్తితే ఎరుపు పోయి ఆకుపచ్చ అవుతుంది. రాత్రి ఏడున్నరకి ఇంకా ఎరుపు ఉంటే మేస్త్రీకి, ధర్మసంస్థ మనిషికి, నాకు ఫోన్ మోగుతుంది. నా ఉద్యోగంలో అంత ముచ్చటపడి చేసిన పని ఇంకొకటి లేదు.

వాడకం మొదలైన రెండో వారంలో, అవ్వ చాల్‌లోని ఒక ముఠాని నడిపే మేస్త్రీ ఫోన్ చేశాడు. మంచి మనిషి, తొందర ఎక్కువ.

"అక్కా, రోజు ఐదు మార్ల ఒత్తుడు పరేషాన్ అయితుంది. బస్సుల నిలవడి ఒత్తాలె, నెట్ రాదు. అందరం ఒక్కతాన్నే వోతం, ఒక్కతాన్నే వస్తం. ఒక్కటే మార్ ఒత్తితే గాదా?"

అతను అక్కా అన్నాడు. నా భాషలో అడిగాడు. ఆఫీసులో ఎవరికీ పట్టని కష్టం నాకు చెప్పుకున్నాడు. గంటలో మార్చేశాను. విడివిడి గుర్తులు తీసేసి ఒకే బటన్ పెట్టాను. ఆ నంబర్ నుంచి 'వచ్చాం' అని ఒక్కసారి ఒత్తితే, దాని కింద ఉన్న ఐదుగురూ ఆకుపచ్చ అయిపోతారు.

మరాఠీ అమ్మాయి ఆ మార్పు చూసి నా బల్ల దగ్గరికి వచ్చింది. "వాళ్లు ఎప్పుడైనా విడిపోతే? ఒకడు వేరే సైట్‌కి పోతే?"

"ఒక ముఠా ఒక చోటికే పోతుంది. నేను అక్కడ పుట్టినదాన్ని, నువ్వు నాకు చెప్తావా?" అన్నాను.

ఆమె వెనక్కి తన సీటుకి వెళ్లిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం నన్ను పిలవకుండా డబ్బా తెరిచి ఒక్కతే తింది.

ఇంకొక పని కూడా చేశాను. చాల్‌లో బోర్డు తీయించాను. రెండు చోట్ల రాయమంటే ఏదీ సరిగ్గా రాయరని నా వాదన. అవ్వ ఒప్పుకోలేదు. "ఫోన్ కరాబైతే?" అంది. "కాదు" అన్నాను. "నువ్వు పరాయిదానివైతే ఇననే ఇనకపోదును. మా గల్లీ బిడ్డవని ఇంటున్న" అని, బోర్డుని తీసుకుపోయి నీళ్ల డ్రమ్ము మీద మూతగా వేసుకుంది. బోర్డు ఉన్న చోట నా పేరు, నా ఫోన్ నంబర్ అచ్చువేసిన కాగితం అతికించాను. ఏదైనా అనుమానం వస్తే ఈ నంబర్‌కి చేయండి అని తెలుగులో రాయించాను.

ఏడు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. నాకు ఆఫీసులో ఒక శాలువా కూడా కప్పారు.

ఎనిమిదో నెలలో ఒక రోజు మేస్త్రీ ముఠా వర్లీలో ఒక సైట్‌కి పోయింది. పొద్దున నాకాలో ఉండగా, దాదర్‌లో పాత బిల్డింగ్ రిపేరు చేయిస్తున్న ఇంకో కాంట్రాక్టరు వచ్చి ఒక మనిషి కావాలన్నాడు. మేస్త్రీ తన ఐదుగురిలో ఒకణ్ణి అటు పంపాడు. ముప్ఫై ఏళ్లవాడు. భార్య, నాలుగేళ్ల పాప ఆ బోర్డున్న చాల్‌లోనే. పాపకి జ్వరమని, ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క డబ్బా ఫోన్ భార్య దగ్గరే వదిలి పోయాడు. మేస్త్రీ యాప్‌లో అతని పేరుకి ఎదురుగా దాదర్ అని, ఆ బిల్డింగ్ గుర్తుతో సహా సరిగ్గానే పెట్టాడు.

సాయంత్రం వర్లీ నుంచి తిరిగొచ్చే బస్సులో, తన వెంట ఉన్న నలుగురి కోసం మేస్త్రీ బటన్ ఒత్తాడు. ఐదుగురూ ఆకుపచ్చ అయ్యారు.

ఏడు గంటలకి నా ఫోన్ మోగింది. అతని భార్య. గోడ మీది కాగితం చూసి చేసింది.

"అమ్మా, మా ఆయన ఇంటికి రాలే. మేస్త్రీని అడిగితే సీదా ఇంటికే వస్తడన్నడు. జర సూస్తవా?"

నేను వంటింట్లో ఉన్నాను. చేయి తుడుచుకుని ల్యాప్‌టాప్ తెరిచాను. ఆకుపచ్చ. ఆరూ ఇరవై.

"వచ్చేశాడమ్మా. ఆరూ ఇరవైకి వచ్చినట్టు ఉంది."

"వస్తే ఇంట్ల ఉండాలె గద."

"ఇక్కడే ఎక్కడో ఉంటాడు. పొద్దున ఏమన్నా గొడవపడ్డారా?"

 గొంతు తగ్గించి, "అవ్" అంది. పాప మందుల విషయంలో మాటామాటా అనుకున్నారట.

"చూశావా మరి. కోపం తగ్గితే అతనే వస్తాడు. సిస్టమ్‌లో తప్పుండదు, నేనే రాశాను" అన్నాను.

ఆ వాక్యం నాకు ఇప్పటికీ నా గొంతుతోనే వినిపిస్తుంది. ఫోన్ పెట్టేసి మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లాను. పక్క గడిలోనే దాదర్ అని ఉంది. మిగతా నలుగురికి వర్లీ అని ఉంది. రెండు చోట్ల పనిచేసినవాళ్లు ఒకే నిమిషంలో ఇంటికెలా వచ్చారని నాకు తట్టలేదు. నేను రంగు చూశాను, మనిషిని చూడలేదు.

దాదర్‌లో ఆ పాత బిల్డింగ్ వెనక వైపు నేల కింద నీళ్ల ట్యాంకు ఉంది. దాని పైకప్పు అతని బరువుకి కూలింది. ఆ సైట్‌వాళ్లకి అతను ఒక్కరోజు మనిషి. పేరు కూడా సరిగా తెలియదు. పని ముగించుకుని వెళ్లిపోయాడనుకుని ఆరింటికి గేటుకి తాళం వేశారు. మర్నాడు తొమ్మిదింటికి పనివాళ్లు వచ్చాక చూశారు. నడుం కిందికి రాళ్లలో ఇరుక్కుని ఉన్నాడు. దవాఖానలో డాక్టరు మేస్త్రీతో అన్న మాటను మేస్త్రీ ఏడుస్తూ నాకు చెప్పాడు. వెంటనే పోలేదట. చాలాసేపు ప్రాణం ఉందట.

బోర్డే ఉండి ఉంటే, ఏడింటికి దాని మీద ఒక్క గీత మిగిలేది. అవ్వ అరిచేది. నలుగురు మగవాళ్లు దాదర్‌కి పరిగెత్తేవాళ్లు. కామాటిపుర నుంచి దాదర్ ఎంత దూరం?

ఆ మధ్యాహ్నం మా యజమాని తలుపు వేసి కూర్చోబెట్టాడు. చెడ్డవాడు కాదు, భయపడ్డాడు.

"బటన్ ఒత్తింది మేస్త్రీ. మన తప్పేముంది? ఆ బటన్ ఎందుకు మార్చారో రాసి ఉన్న లాగ్ మీ దగ్గరే ఉంది కదా. వేరే కంపెనీ సర్వర్ అయితే మన చేతిలో ఉండేది కాదు. మనదే కాబట్టి..." అని ఆపేశాడు.

సొంత బ్యాకెండ్‌లో ఉన్న సుఖం అది. తాళం మన చేతిలోనే ఉంటుంది. ఆ రోజంతా నేను ఆ లాగ్ తెరిచి కూర్చున్నాను. తీసేస్తే అడిగేవాళ్లు లేరు. తీసేయలేదని గొప్ప చెప్పుకోవడానికి కూడా లేదు, ఎందుకంటే రెండుసార్లు వేలు ఆ మీట దాకా వెళ్లింది. మరాఠీ అమ్మాయి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను చెప్పానా అన్నట్టు ఒక్క చూపు కూడా చూడలేదు. సాయంత్రం దాకా ఉండి, "ప్రింట్ తీయనా మేడమ్?" అని మాత్రం అడిగింది. తీయమన్నాను.

మూడో రోజు ఆ కాగితం పట్టుకుని చాల్‌కి వెళ్లాను. అప్పటికే అక్కడ మేస్త్రీని గోడకి నిలబెట్టి తిడుతున్నారు. చొక్కా చిరిగి ఉంది. "నేను నలుగురి కోసమే ఒత్తిన" అని అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. ఎవరూ నమ్మడం లేదు. ఒత్తిన చెయ్యి కనిపిస్తుంది, బటన్ మార్చిన చెయ్యి ఎవరికీ కనిపించదు కదా. నేను మధ్యలోకి వెళ్లి చెప్పాను. అతను నలుగురి కోసమే ఒత్తాడని, ఐదోవాణ్ణి ఆకుపచ్చ చేసింది నేనని, అతని భార్యకి ఫోన్‌లో వచ్చాడని చెప్పింది కూడా నేనేనని.  కొడతారనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

అతని భార్య గడప మీద పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. తలెత్తి నన్ను చూసింది.

"నువ్వు వచ్చిండన్నవ్. నేను కోపంతోని అన్నం మీద మూత వెట్టి కూసున్న. వస్తే మాట్లాడొద్దనుకున్న. రాత్రంత ఆయన మీద కోపంతోనే ఉన్న అమ్మా" అంది.

 

అవ్వ నీళ్ల డ్రమ్ము మీంచి బోర్డు తీసుకొచ్చింది. తడికి ఒక మూల ఉబ్బిపోయింది. గోడ మీది నా కాగితాన్ని గోళ్లతో గీకి పీకేసి, బోర్డు పాత మేకుకే తగిలించింది.  ఆ గల్లీలో అవ్వ నోరు మూసుకుని ఉండగా నేను చూసింది ఆ ఒక్కరోజే.

భార్య లేచి వచ్చి చాక్‌పీస్ నా చేతిలో పెట్టింది. "ఆయన పేరు రాయి. దాదర్ అని రాయి" అంది.

రాశాను. అచ్చంగా యాప్‌లో ఉన్నట్టే, పేరు, పక్కన దాదర్. వేళ్లు తెల్లబడ్డాయి.

యాప్ ఆపేశారు. నేను ఇంకో ఆరు నెలలు ఏవో బిల్లుల ప్రోగ్రాములు చూసుకుని రిటైరయ్యాను. పోలీసులకు ఆ ప్రింట్ ఇచ్చాను. దాన్ని చదివి అర్థం చేసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు. ట్యాంకు కప్పు కూలడమే కారణమని రాసుకుని పోయారు. కాగితాల్లో నా తప్పు ఎక్కడా లేదు.

పిల్లలూ, మీ ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు ఇది. రెడీమేడ్ దానికి మన బతుకులు తెలియవు, అది పదిసార్లు కుదరదంటుంది. విసుగొస్తుంది. మనం సొంతంగా కట్టుకున్నది ఎన్నడూ కుదరదు అనదు. ఏం చెప్తే అది చేస్తుంది, తప్పు చెప్పినా తలూపుతుంది. అప్పుడు కుదరదు అనాల్సిన పని మనదే. మన పక్క సీటులో ఎవరైనా ఆ మాట అంటే, కాసేపు నోరు మూసుకుని వినాలి. అవ్వ పెట్టిన నియమం నా నోట్‌బుక్‌లో ఉంది, కింద గీత కూడా ఉంది. అయినా నా మనిషి అక్కా అని పిలవగానే చెరిపేశాను. మంచితనంతో చేసిన తప్పు కాబట్టి తక్కువ తప్పని నాకు అనిపించదు.

పోయిన నెల కామాటిపుర వెళ్లాను. అవ్వ మంచాన పడింది, గొంతు మాత్రం తగ్గలేదు. బోర్డు అక్కడే ఉంది. కొత్తగా నల్లరంగు వేశారు, పైన ఒక్క వరుస వదిలేసి. ఆ వరుసలో అతని పేరు, దాదర్. చాక్‌పీస్ చెరిగినప్పుడల్లా ఎవరో ఒకరు దిద్దుతున్నట్టున్నారు, అక్షరాలు ఇప్పుడు నావి కావు. ఆ పేరు అలాగే ఎందుకు ఉంచారని నేను అవ్వని అడగలేదు. అడిగితే ఏం చెప్తుందో నాకు తెలుసు.

నేను అక్కడ ఉండగానే అతని భార్య పని నుంచి వచ్చింది. ఇప్పుడు ఆమే సైట్లకి పోతోంది. తల మీద సిమెంటు దుమ్ము. నన్ను చూసి తలూపింది. అతని పేరు కింద ఆమె పేరు, పక్కన వర్లీ అని ఉంది. పై వరుసకి చెయ్యి తగలకుండా జాగ్రత్తగా తన గీతని అరచేత్తో తుడిచి, కూతుర్ని పిలుచుకుంటూ లోపలికి వెళ్లింది.